డెమోలో వినిపించేది ఆంపా, చెయ్యా? బొటీక్ గిటార్ ఆంప్‌లను పోల్చి ఎంచుకునే పద్ధతి

హోవర్డ్ అలెగ్జాండర్ డంబుల్ కట్టిన ఓవర్‌డ్రైవ్ స్పెషల్ ఇవాళ ప్రపంచంలో అత్యంత ఖరీదైన గిటార్ ఆంప్‌లలో (గిటార్ ధ్వనిని పెంచే ఆంప్లిఫయర్లలో) ఒకటి. 2022 జనవరిలో కన్నుమూసిన డంబుల్, కాలిఫోర్నియాలో ఒక్కో వాయిద్యకారుడి వాయింపు విని, ఆ చేతికి తగ్గట్టు ఒక్కో ఆంప్ కట్టేవారు. లోపలి సర్క్యూట్‌ను ఇంకొకరు చూసి కాపీ కొట్టకుండా దాని మీద ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు పోసేసేవారు. ఆ ఆంప్ ఎలా పుట్టిందో గిటారిస్ట్ రాబెన్ ఫోర్డ్ చెబుతుంటారు. ఫోర్డ్ ఒకప్పుడు ఫెండర్ కంపెనీ బాస్‌మన్ ఆంప్ మీద వాయిస్తుంటే విన్నారట డంబుల్. ఆ ధ్వనిని పట్టుకోవాలనే ఓవర్‌డ్రైవ్ స్పెషల్ చేశానని తర్వాత ఆయనే ఫోర్డ్‌తో అన్నారట.

అంటే లోకమంతా వెతికే ఆ ఆంప్‌కి మూలం, అందరికీ దొరికే ఒక ఆంప్ మీద ఆడిన ఒక చెయ్యి.

ఈ సంగతి తెలిసేనాటికే నేను ఒక ఆంప్ కొనేశాను. ఒకే డెమో వీడియోను పదేపదే చూసి, పొదుపు చేసిన డబ్బంతా పెట్టి తెప్పించుకున్నాను. అది మంచి ఆంపే. కానీ నాకు నచ్చింది ఆ డెమో చేసినాయన కుడిచేతి మణికట్టు అని అర్థం కావడానికి ఆర్నెల్లు పట్టింది. ఆ ఆర్నెల్లు ఇంకొకరికి పట్టకూడదని, ఆ తర్వాత నేర్చుకున్న పద్ధతిని ఇక్కడ వరసగా రాస్తున్నాను.

1. ముందు వంశం తెలుసుకోండి

బొటీక్ ఆంప్ అంటే చిన్న దుకాణంలో, తక్కువ సంఖ్యలో, చాలావరకు చేత్తో వైరింగ్ చేసి కట్టే ట్యూబ్ ఆంప్. ట్యూబ్ అన్నా వాల్వు అన్నా ఒకటే. పాత వాల్వు రేడియో వెనక అట్ట తీసి చూసినవాళ్ళకు ఆ గాజు వాల్వులు పరిచయమే. ఈఎల్84 లాంటివి రేడియోల్లోనూ ఉండేవి, గిటార్ ఆంప్‌లలోనూ ఉంటాయి. ఇంతమంది తయారీదారులు ఉన్నారని కంగారు పడక్కర్లేదు. ఎక్కువ ఆంప్‌లు నాలుగైదు పాత సర్క్యూట్ల సంతానమే.

మొదటిది 1950ల చివరి ఫెండర్ బాస్‌మన్. లండన్‌లో జిమ్ మార్షల్ దుకాణంవాళ్ళు 1962లో ఆ సర్క్యూట్ ఆధారంగానే జేటీఎం45 చేశారు. మార్షల్ ధ్వని అని మనం పిలిచేదంతా అక్కడి నుంచి వచ్చిందే. రెండోది ఇంగ్లండ్‌లోనే పుట్టిన వాక్స్ ఏసీ30. నాలుగు ఈఎల్84 వాల్వులు, నెగటివ్ ఫీడ్‌బ్యాక్ (ధ్వనిని అదుపు చేయడానికి అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపడం) లేని అవుట్‌పుట్, గంట మోగినట్టుండే పై స్వరాలు దాని గుర్తులు. 1989లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన మ్యాచ్‌లెస్ వాళ్ళ డీసీ-30కి అదే స్ఫూర్తి. మూడోది 1960ల ఫెండర్ క్లీన్ (విరగని, శుభ్రమైన) ధ్వని. సర్క్యూట్ పరంగా డంబుల్ దారి అక్కడి నుంచి చీలింది, 1999లో మొదలైన టూ-రాక్ ఆ దారినే నడిచింది. న్యూజెర్సీలో కెన్ ఫిషర్ కట్టిన ట్రెయిన్‌రెక్ ఆంప్‌లకు మాత్రం ఒక ప్రత్యేకమైన పీట వేయాలి. వాటి సంగతి ఆరో అంచెలో చెబుతాను.

వేర్వేరు వంశాల ఆంప్‌లను పక్కపక్కన పెట్టి ఏది గొప్పదని అడగకండి. బంగినపల్లి, చెరకురసం రెండూ మామిడిపళ్ళే. ఒకదాన్ని కోసుకు తింటాం, ఇంకోదాన్ని పిండుకు తాగుతాం. మీ పాటలకు ఏ వంశం కావాలో ముందు తేల్చుకుని, ఆ వంశంలోని రెండు మూడు ఆంప్‌లను మాత్రమే పోల్చండి. సగం గందరగోళం ఇక్కడే పోతుంది.

2. డెమోను మూడుసార్లు చూడండి, మూడు రకాలుగా

మొదటిసారి తెర తిప్పేసి, వినడం మాత్రమే చేయండి. ఆంప్ మీద మెరిసే చెక్క, చేతిలోని ఖరీదైన గిటార్, వెనక దీపాలు చెవిని ప్రభావితం చేస్తాయి.

రెండోసారి శబ్దం పూర్తిగా తీసేసి, కుడిచేతిని మాత్రమే చూడండి. చాలామంది చేయని పని ఇదే. పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ళ) ఎక్కడ తగులుతోంది? తీగలు ఆనే బ్రిడ్జి దగ్గరా, మెడ దగ్గరా? పిక్‌తో పాటు వేళ్ళు కూడా లాగుతున్నాయా? అరచెయ్యి తీగల మీద ఆనించి ఎప్పుడు ఆపుతున్నారు? గిటార్ మీది వాల్యూమ్ నాబ్ దగ్గరికి చిటికెనవేలు ఎన్నిసార్లు వెళ్తోంది? కొలరాడోలోని వైల్డ్‌వుడ్ గిటార్స్ దుకాణం కోసం గిటారిస్ట్ గ్రెగ్ కాక్ చేసిన డెమోలను ఇలా శబ్దం లేకుండా చూడండి. పిక్, వేళ్ళు కలిపి ఆయన చేసే పని అంతా కనిపిస్తుంది. ఏ ఆంప్ ఇచ్చినా ఆయన గ్రెగ్ కాక్ లాగే వినిపిస్తారు. అది ఆయన గొప్పతనం. కొనేవాడికి చిక్కు కూడా అక్కడే.

ఈ చిక్కును కొంచెం విడమరచి చెప్పాలి. చెయ్యి తిరిగిన వాయిద్యకారుడు ఆంప్ ముందు కూర్చున్న రెండు నిమిషాల్లో దాని లోపాన్ని పసిగట్టి, తనకు తెలియకుండానే దాన్ని కప్పేస్తాడు. ఆంప్ పై స్వరాలు గుచ్చుకుంటుంటే పిక్‌ను కొంచెం వాలుగా పట్టి, టోన్ నాబ్ ఒక గీత తగ్గిస్తాడు. కింది తీగలు బురదగా ఉంటే మూడు తీగల కార్డులకు (ఒకేసారి మోగే స్వరాల గుంపులకు) మారిపోతాడు. స్వరం తొందరగా ఆరిపోతుంటే చిన్న చిన్న స్వర వాక్యాలు వాయిస్తాడు. ఇందులో మోసం లేదు. మంచి సంగీతకారుడు ఏ వాద్యం మీదైనా చేసేది అదే. కానీ దాని ఫలితంగా రెండు జరుగుతాయి. ఆంప్‌ల మధ్య ఉన్న తేడాలు చిన్నవిగా వినిపిస్తాయి. ప్రతి ఆంపూ దాని అసలు స్థాయి కంటే బాగా వినిపిస్తుంది.

పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌ను తలుచుకోండి. మామూలు మాండలిన్‌లో స్వరం మీటగానే ఆరిపోతుంది. విద్యుత్ మాండలిన్ వల్ల గమకం పలికేంతసేపు స్వరం నిలబడింది. పరికరం దారి ఇచ్చిన మాట నిజమే. కానీ కళ్యాణి రాగం ఆ తీగల్లోనుంచి వచ్చింది ఆ వేళ్ళ వల్ల. ఆయన పరికరాలన్నీ యథాతథంగా కొని పెట్టుకున్నా మనకు దక్కేది ఆ దారి వరకే.

మూడోసారి చూసేటప్పుడు కాగితం, పెన్ను పట్టుకోండి. స్పీకర్ ఏది, మైక్ ఏది, మధ్యలో ధ్వని మార్చే పెడల్స్ ఉన్నాయా, రివర్బ్ (ప్రతిధ్వని) ఆంప్‌దా లేక తర్వాత కలిపిందా, నాబ్‌లు ఎక్కడున్నాయి అన్నవన్నీ రాసుకోండి. ఇవి చెప్పని డెమోను వాయింపు కోసం ఆనందంగా వినండి, ఆంప్‌ను అంచనా వేయడానికి మాత్రం లెక్కలోకి తీసుకోకండి.

3. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి

నాకు అన్నిటికంటే పనికొచ్చిన చిట్కా ఇది. కాగితం మీద ఒక పట్టిక గీయండి. అడ్డంగా ఆంప్‌ల పేర్లు, నిలువుగా వాయించేవాళ్ళ పేర్లు రాయండి.

ఒకే ఆంప్ మీద ముగ్గురు వేర్వేరు మనుషులు వాయించినవి వెతికి వినండి. ముగ్గురిలోనూ మారకుండా వినిపించే గుణమే ఆంప్‌ది. తర్వాత ఒకే మనిషి మూడు ఆంప్‌ల మీద వాయించినవి వినండి. వీటిలో మారేదే ఆంప్‌ది. రెండు చోట్లా ఒకే మాట రాయగలిగితే, ఉదాహరణకు 'కింది స్వరాలు గట్టిగా కొట్టినప్పుడు మెత్తబడుతున్నాయి' అని రెండు దారుల్లోనూ తేలితే, ఆ మాటను నమ్మవచ్చు.

ఇంగ్లండ్‌లో దట్ పెడల్ షో అనే వీడియో కార్యక్రమం నడిపే డాన్ స్టైన్‌హార్ట్, మిక్ టేలర్ చాలాసార్లు ఒకే పరికరాల మీద ఒకరి తర్వాత ఒకరు వాయిస్తారు. అలాంటివి బంగారం. ఏ నాబూ మారకుండా చెయ్యి మాత్రమే మారినప్పుడు ధ్వని ఎంత మారుతుందో అక్కడ కళ్ళారా చూడవచ్చు.

ఇంకొక మాట. మీలాంటి మామూలు చేతులు వాయించిన రికార్డింగ్‌లు కూడా తప్పకుండా వినండి. గొప్ప చెయ్యి కప్పేసిన లోపాలు అక్కడ బయటపడతాయి. మామూలు చేతిలో కూడా బాగుందనిపించిన ఆంప్ మీ ఇంట్లోనూ బాగుండే అవకాశం ఎక్కువ.

4. గట్టిదనాన్ని సమానం చేయండి

ఇప్పుడు రెండు ఆంప్‌లు మీ ముందున్నాయి అనుకుందాం. దుకాణంలో కావచ్చు, స్నేహితుడి గదిలో కావచ్చు. మొదట చేయాల్సిన పని ధ్వని స్థాయి సరిపోల్చడం. ఈ అంచె దాటేసిన పోలికకు విలువ లేదని నా గట్టి అభిప్రాయం.

మన చెవి తక్కువ శబ్దంలో మంద్ర స్వరాలనూ, బాగా పై స్వరాలనూ సరిగ్గా పట్టుకోలేదు. శబ్దం పెరిగే కొద్దీ అవి నిండుగా వినిపిస్తాయి. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. అందుకే ఒక్క డెసిబెల్ ఎక్కువ ఉన్న ఆంప్ మనకు 'గట్టిగా ఉంది' అనిపించదు, 'నిండుగా ఉంది, ప్రాణం ఉంది' అనిపిస్తుంది. మోసపోయేది అక్కడే.

ఫోన్‌లో డెసిబెల్ కొలిచే యాప్ పెట్టుకోండి. ఫోన్‌ను మీ చెవి ఎత్తులో ఒక స్టాండ్ మీద కదలకుండా ఉంచండి. ఒకే కార్డ్‌ను ఒకే బలంతో పదిసార్లు వాయించి, రెండు ఆంప్‌ల సగటు ఒక డెసిబెల్ లోపల ఉండేలా సరిచేయండి. అర డెసిబెల్ దాకా తేగలిగితే ఇంకా మంచిది. ఫోన్ చూపించే అంకె కచ్చితం కాకపోయినా ఫరవాలేదు, మనకు కావలసింది రెండింటి మధ్య తేడా మాత్రమే. ఆంప్ స్వభావం నాబ్ స్థాయితో పాటు మారుతుంది కాబట్టి ఈ పని క్లీన్ ధ్వనికి ఒకసారి, డ్రైవ్ (విరిగి గరగరలాడే) ధ్వనికి ఒకసారి విడిగా చేయాలి.

5. స్పీకర్‌ను విడదీయండి

ఒకే ఆంప్‌ను రెండు స్పీకర్ల మీద వినిపిస్తే కొత్తవాళ్ళు రెండు ఆంప్‌లనుకుంటారు. సెలెస్టియన్ గ్రీన్‌బ్యాక్ 25 వాట్లది, దాని సున్నితత్వం (ఒక్క వాట్‌కు ఒక మీటర్ దూరంలో ఇచ్చే శబ్దం) 98 డెసిబెల్‌లు. అదే కంపెనీ వింటేజ్ 30కి 100. ఆ రెండు డెసిబెల్‌ల తేడాకు తోడు మధ్య స్వరాల రంగు కూడా వేరు. కాబట్టి రెండు ఆంప్‌లనూ ఒకే క్యాబినెట్‌కు (స్పీకర్ పెట్టెకు), ఒకదాని తర్వాత ఒకటి తగిలించి వినండి.

క్యాబినెట్ మార్చేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఆంప్ వెనక రాసి ఉన్న ఓమ్‌లు, క్యాబినెట్ ఓమ్‌లు కలవాలి. స్పీకర్ గానీ లోడ్ బాక్స్ (స్పీకర్ బదులు ఆంప్ శక్తిని తీసుకునే పెట్టె) గానీ తగిలించకుండా ట్యూబ్ ఆంప్‌ను ఎప్పుడూ ఆన్ చేయకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. స్పీకర్ వైరు మార్చే ముందు స్టాండ్‌బైలో పెట్టడం చాలదు, పూర్తిగా ఆపేయండి. లోపల 300 వోల్టులకు పైగా ఉంటాయి, ప్లగ్ తీసినా కెపాసిటర్లు వాటిని పట్టి ఉంచుతాయి. మూత విప్పే పని తెలిసినవాళ్ళకే వదిలేయండి.

రికార్డింగ్‌లో అయితే మైక్ కూడా ఒక నాబ్ లాంటిదే. ష్యూర్ ఎస్ఎం57ను స్పీకర్ మధ్యనున్న గుండ్రటి మూత మీదికి పెడితే ధ్వని పదునుగా ఉంటుంది, ఒక్క అంగుళం అంచు వైపు జరిపితే మెత్తబడుతుంది. డెమోలో నచ్చిన 'వెచ్చదనం' ఆ అంగుళంలో ఉన్నది కూడా కావచ్చు.

6. లూపర్‌తో ధ్వని, వేళ్ళతో స్పర్శ

గిటార్‌కూ ఆంప్‌కూ మధ్యలో, అన్నిటికంటే ముందు ఒక లూపర్ పెడల్ (వాయించింది నింపుకుని మళ్ళీ మళ్ళీ వినిపించేది) పెట్టండి. రెండు నిమిషాల వాయింపు దాంట్లో నింపండి: తెరిచిన తీగల కార్డులు, ఒక ఒంటరి స్వరం, కింది తీగల మీద రిథమ్, పై ఫ్రెట్‌ల మీద రెండు స్వరాల జోడీ. ఇప్పుడు అదే వాయింపు రెండు ఆంప్‌లలోకీ వెళ్తుంది. చెయ్యి అనేది పోలికలోంచి పూర్తిగా తప్పుకుంటుంది.

కానీ ఇది సగమే. లూపర్ ఆంప్‌కు స్పందించలేదు. పైగా గిటార్ పికప్‌కూ (తీగల కదలికను పట్టుకునే భాగానికీ) ఆంప్ ఇన్‌పుట్‌కూ నేరుగా ఉండే సంబంధాన్ని అది తెంచేస్తుంది. బొటీక్ ఆంప్‌కు ఇచ్చే అదనపు డబ్బులో పెద్ద వంతు ఆ సంబంధానికే ఇస్తున్నాం.

అందుకే లూపర్ తీసేసి, ఈసారి గిటార్‌ను నేరుగా తగిలించండి. ఆంప్‌ను కొంచెం విరిగే స్థాయిలో, అంటే గట్టిగా కొడితే డ్రైవ్, మెల్లగా మీటితే క్లీన్ వచ్చే చోట పెట్టండి. గిటార్ వాల్యూమ్ 10 నుంచి 7కి, 7 నుంచి 4కి తగ్గించండి. ధ్వని శుభ్రపడుతోందా, లేక దుప్పటి కప్పినట్టు మసకబారుతోందా? కెన్ ఫిషర్ ఆంప్‌ల పేరు మోగింది ఈ పరీక్షలోనే. ఒకప్పుడు ఆంపెగ్ అనే ఆంప్ కంపెనీలో పనిచేసిన ఆయన తన ట్రెయిన్‌రెక్ ఆంప్‌లకు వరస సంఖ్యలు వేయకుండా ఆడపిల్లల పేర్లు పెట్టేవారు. వాటికి ఛానెల్ మార్చే స్విచ్ అక్కర్లేదు, గిటార్ వాల్యూమ్ నాబే స్విచ్. 2006లో ఆయన పోయాక కూడా ఎందరో ఆ సర్క్యూట్‌నే అనుసరిస్తున్నారు.

తర్వాత ఒకే స్వరాన్ని చాలా మెల్లగా మొదలుపెట్టి, ఎనిమిది దెబ్బల్లో మీ గరిష్ఠ బలానికి తీసుకెళ్ళండి. ఆ మెట్లన్నీ వినిపిస్తున్నాయా, లేక నాలుగో దెబ్బ నుంచి అన్నీ ఒకటేనా? ఒక పెద్ద కార్డ్ బలంగా కొట్టి వేళ్ళ కింద ఏం జరుగుతోందో గమనించండి. జీజెడ్34 లాంటి ట్యూబ్ రెక్టిఫైయర్ (ఏసీ కరెంట్‌ను డీసీగా మార్చే వాల్వు) ఉన్న ఆంప్‌లో, ఒక్కసారిగా కరెంట్ లాగినప్పుడు వోల్టేజ్ కాస్త కుంగి మళ్ళీ లేస్తుంది. కార్డ్ మొదట నొక్కుకుపోయి తర్వాత విచ్చుకున్నట్టుంటుంది. నిదానమైన బ్లూస్‌కు ఆ సాగుడు హాయిగా ఉంటుంది, వేగంగా రిథమ్ కొట్టేవాడికి చెయ్యి వెనకబడినట్టు ఉంటుంది. ఇందులో మంచీచెడూ లేదు, మీ చేతికి ఏది సరిపడుతుందన్నదే ప్రశ్న.

ఈ పరీక్షల్లో డెమోలోని స్వర వాక్యాలు వాయించాలని ప్రయత్నించకండి. మీకు నిద్రలో కూడా వచ్చేదే వాయించండి.

7. వాట్లు, గది, చెవులు

వాట్ల గురించి చాలా అపోహలున్నాయి. 50 వాట్లకూ 100 వాట్లకూ తేడా 3 డెసిబెల్‌లే. చెవికి రెట్టింపు గట్టిగా అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్‌లు, అంటే పదింతల వాట్లు కావాలి. సున్నితత్వం 100 డెసిబెల్‌లున్న స్పీకర్ ఒక్క వాట్‌కే ఒక మీటర్ దూరంలో 100 డెసిబెల్‌లు ఇస్తుంది. 30 వాట్లకు లెక్క ప్రకారం 115 దాకా వెళ్తుంది. అమెరికాలో వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూచించిన పరిమితి 85 డెసిబెల్‌ల దగ్గర రోజుకు 8 గంటలు. 100 డెసిబెల్‌ల దగ్గర 15 నిమిషాలే.

డెమో చేసినాయన ఆంప్‌ను వేరే గదిలో పెట్టి, 7 మీద నాబ్ తిప్పి, పక్క గదిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని వాయిస్తూ ఉండొచ్చు. కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్‌లో మీ నాబ్ 2 దాటదు. మాస్టర్ వాల్యూమ్ (డ్రైవ్‌తో పని లేకుండా మొత్తం శబ్దాన్ని తగ్గించే నాబ్) లేని 30 వాట్ల ఆంప్ 2 మీద మీరు ఎప్పుడూ వినని ఇంకో ఆంప్. కాబట్టి మీరు రోజూ వాయించగలిగే శబ్దంలోనే చివరి పోలిక చేయండి. లేదా రియాక్టివ్ (స్పీకర్ లాగే స్పందించే) లోడ్ బాక్స్ ధరను కూడా బడ్జెట్‌లో వేసుకోండి. ఇంట్లోనే వాయించేవాళ్ళకు నా సలహా 15 వాట్ల లోపు.

8. మన గోడ సాకెట్

మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజ్‌ను మారుస్తుంది గానీ హెర్ట్జ్‌ను మార్చదు. 60 హెర్ట్జ్‌కు మాత్రమే చేసిన పవర్ ట్రాన్స్‌ఫార్మర్ 50 మీద ఎక్కువ వేడెక్కుతుంది. ఆర్డర్ పెట్టే ముందే 230 లేదా 240 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ వేయమని తయారీదారును అడగండి. చేత్తో కట్టేవాళ్ళు చాలామంది వేసిస్తారు. ఫ్యూజ్ విలువ కూడా దానితో పాటు మారుతుంది.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న బావగారిని వచ్చేటప్పుడు పట్టుకు రమ్మనాలని ఉంటుంది. రెండు స్పీకర్ల ఏసీ30 రకం కాంబో (ఆంప్, స్పీకర్లు ఒకే పెట్టెలో ఉండేది) 30 కిలోలు దాటుతుంది, విమానంలో మామూలు చెకిన్ పెట్టె పరిమితి 23 కిలోలు. స్పీకర్ లేని హెడ్ తెప్పించుకుని, క్యాబినెట్ ఇక్కడే చేయించుకోవడం తేలిక. వాల్వులు విప్పి విడిగా పొట్లం కట్టమని చెప్పండి, ఏ సాకెట్‌లోది ఏదో కాగితం మీద రాయించండి. ఎక్కువగా దొరికే 12ఏఎక్స్7, ఈఎల్84, ఈఎల్34, 6ఎల్6 వాల్వులతో నడిచే ఆంప్‌ను ఎంచుకుంటే తర్వాత ఇబ్బంది తక్కువ. ఒకప్పుడు బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్ళే వాల్వులు చేసేవారు. ఇప్పుడు స్లొవాకియా, రష్యా, చైనాల నుంచి రావాలి.

9. కళ్ళు మూసుకుని, మీ బ్యాండ్‌తో

డబ్బు కట్టే ముందు ఒక స్నేహితుడిని పిలిచి, ఆంప్‌ల మీద దుప్పటి కప్పించండి. వైర్లు మార్చడం అతని పని. మీరు పది విడతలు వాయించి, ప్రతి విడతకూ ఒక వాక్యం రాయండి. ఏ ఆంపో ఊహించకండి, మీకు ఏం అనిపించిందో మాత్రమే రాయండి. పదిలో ఏడెనిమిదిసార్లు ఒకే ఆంప్‌కు ఒకే రకం మాట రాశారంటే తేడా నిజంగా ఉంది. మాటలు కలగాపులగం అయితే ఆ రెండింటిలో తక్కువ ధరది తీసుకోండి, ధైర్యంగా.

ఆ తర్వాత, కుదిరితే డ్రమ్మర్‌నూ బాస్ వాయించేవారినీ కూర్చోబెట్టండి. ఒంటరిగా వినేటప్పుడు అద్భుతంగా ఉన్న కింది స్వరాలు బాస్ గిటార్‌తో తగవు పడతాయి. ఒంటరిగా కాస్త కరుకుగా అనిపించిన మధ్య స్వరాలే తాళాల మోతలోంచి గిటార్‌ను బయటికి తెస్తాయి. డెమోల్లో సోలోలే ఎక్కువ, మన వాయింపులో ముప్పాతిక వంతు రిథమ్. అందుకే సోలో జోలికి పోకుండా, మీ పాటలో పల్లవి వెనక వచ్చే ఆ నాలుగు కార్డులను పావుగంట పాటు వాయించండి. అప్పుడు ఆంప్ వైపు కాకుండా గాయకుడి వైపు చూడండి. ఆయన గొంతు పెంచాల్సి వస్తోందా, సుఖంగా పాడుతున్నారా అన్నది నోట్‌బుక్‌లో చివరి గీతగా రాసుకోండి.